ఒకే తీగ, ఇద్దరి మాటలు

తెనాలి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నా ముందున్నది. "మా యింట్లో ఇంటర్నెట్టు ఫోనుల్లో చక్కగా వస్తుంది. అదే పెట్టె నుంచి తీగ లాగి కలిపిన కంప్యూటరులో మాత్రం నత్తనడక. కంపెనీ కుర్రవాడు వచ్చి చూసి, పెట్టె దగ్గర అంతా సవ్యంగానే ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. మావారు కంప్యూటరు పాతబడిపోయింది, కొత్తది కొనాలంటున్నారు. కొనమంటారా?" అని అడిగారావిడ.

కొనవద్దమ్మా. కనీసం ఈ వ్యాసం చదవటం పూర్తయ్యే దాకా కొనవద్దు. ఈ రోగం ఏమిటో నాకు బాగా తెలుసు. ఎలా తెలిసిందంటే, దీన్ని నా చేతులతో నేనే మా యింటికి తెచ్చిపెట్టి, ఆ నేరం ఏడు వారాలపాటు మరొకరి నెత్తిన రుద్దాను గనక.

మా కోడలు పుస్తకాల పేజీలు కూర్చే పని చేస్తుంది. హైదరాబాదులో ఉన్న ఒక ముద్రణాలయం వారు పాఠ్యపుస్తకాల ప్రతులు పంపిస్తారు. ఆమె ఇంట్లో కంప్యూటరు దగ్గర కూర్చుని, అక్షరాలు, బొమ్మలు, పట్టికలు అన్నీ అమర్చి తిరిగి పంపిస్తుంది. ఒక్కొక్క పుస్తకం బొమ్మలతో సహా దాదాపు ఒక జీబీ ఉంటుంది. పిల్లవాణ్ణి బడికి పంపి, వంట ముగించి, మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి లేస్తుంది. చేతిపని అంత చురుగ్గా చేసే మనిషిని నేను చూడలేదు. ఆ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

క్రితం ఏడాది మా వీధికి ఫైబరు వచ్చింది. పాత పెట్టె తీసేసి కొత్తది బిగించారు. వంద ఎంబీపీఎస్ అన్నారు. ఫోనులో కొలిచి చూస్తే ఎనభై అయిదు, తొంభై చూపించింది. అందరం సంతోషించాం. కాని ఆ మర్నాటినుంచి కోడలు పంపే పుస్తకాలు కదలటం మానేశాయి. సాయంత్రం ఆరింటికి మొదలెడితే పది దాటినా పూర్తయ్యేది కాదు. ఒక్కొక్కసారి మూడువంతులు వెళ్ళి ఆగిపోయేది, మళ్ళీ మొదటినుంచీ పంపుకోవాలి. రెండు పుస్తకాలు గడువు దాటాయి. మూడోది కూడా ఆలస్యమయ్యేసరికి ముద్రణాలయం వారు, "ఈసారి పని వేరే వారికి ఇస్తున్నాం, మీకు వీలు కుదిరినప్పుడు చెప్పండి" అని మర్యాదగా వ్రాశారు. ఆ మర్యాదే ఆమెను ఏడిపించింది.

నేనేం చేశాను? ఇంటిపెద్దను గనక తీర్పు చెప్పాను. "సాయంత్రం అయ్యేసరికి మీ అత్తగారు టీవీలో సీరియలు పెడుతుంది, వాడు ఫోనులో ఆటలు పెడతాడు, నెట్టంతా వాళ్ళే త్రాగేస్తున్నారు. నువ్వయినా పని పగలే ముగించుకోవాలి గదా" అన్నాను. ఆ ఒక్క మాటతో ఒకే దెబ్బకు ఇద్దరు ఆడవాళ్ళనూ నొప్పించగలిగాను. మా ఆవిడ సీరియలు చూడటం మానేసింది. అయినా పుస్తకం కదలలేదు. అప్పుడు మా అబ్బాయి హైదరాబాదులో ఇల్లు చూస్తానన్నాడు.

ఇక విషయానికి వస్తాను. ఇందులో మొదట ఒక పెద్ద చరిత్ర ఉంది, అది తెలియకపోతే తరవాతది అర్థం కాదు.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడూ ఆయన సహచరులూ కలిసి ఒక ఏర్పాటు చేశారు. హవాయి అంటే సముద్రంలో చెదురుగా ఉన్న దీవులు. దీవి నుంచి దీవికి తీగలు వేయటం సులువు కాదు. అందుచేత కంప్యూటరు కబుర్లను రేడియో ద్వారా పంపారు. అందరికీ కలిపి ఒకే రేడియో దారి. ఎవరికి మాట్లాడాలనిపిస్తే వారు మాట్లాడేయటమే. రెండు దీవులు ఒకేసారి మాట్లాడితే రెండు కబుర్లూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. అలాంటప్పుడు బదులు రాలేదు గనక, కొంచెం సేపు ఆగి మళ్ళీ చెప్పుకోవాలి. దీనికి వాళ్ళ భాషలో పలకరింపు మాట అయిన 'అలోహా' అని పేరు పెట్టారు. పేరు మధురంగానే ఉంది గాని లెక్క వేసి చూస్తే, ఆ దారికి ఉన్న సామర్థ్యంలో నూటికి 18 వంతుల కంటె ఎక్కువ పని జరగదని తేలింది. మిగతాదంతా ఒకరి మాట మీద ఒకరు పడటానికే సరిపోతుంది. మన పెళ్ళివారి విడిదిలో కూడా ఇంచుమించు అంతే పని జరుగుతుందనుకుంటాను.

ఈ అలోహా లెక్కలను శ్రద్ధగా చదివినవాడు రాబర్ట్ మెట్‌కాఫ్. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, జిరాక్స్ కంపెనీ వారి పరిశోధనాలయంలో పని చేసేవాడు. ఆ భవనంలో ఉన్న కంప్యూటర్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలపాలి. 1973 మే 22న ఆయన ఒక చిన్న ఆఫీసు కాగితం వ్రాసి అందులో తన ఊహ చెప్పాడు. డేవిడ్ బాగ్స్ అనే మిత్రుడితో కలిసి ఆ సంవత్సరమే దాన్ని నడిపించాడు. దానికి పెట్టిన పేరు ఈథర్నెట్. వెనకటి శాస్త్రజ్ఞులు వెలుగు ప్రయాణం చేయటానికి విశ్వమంతా నిండి ఉన్న 'ఈథరు' అనే పదార్థం ఒకటి ఉందని నమ్మేవారు. 1887లో మైకెల్‌సన్, మోర్లీ అనే ఇద్దరు దాన్ని పట్టుకుందామని ఎంతో నేర్పుగా పరీక్ష చేస్తే దాని జాడే కనిపించలేదు. చివరకు లేదనే తేలింది. లేని పదార్థం పేరు ఇవాళ ఇంటింటి తీగకూ ఉంది! మెట్‌కాఫ్‌కు దీని నిమిత్తమే 2022 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. కంప్యూటరు విద్యలో అంతకంటె పెద్ద గౌరవం లేదు.

ఆ రోజుల్లో తీగ ఒకటే. భవనం పొడుగునా ఒక లావుపాటి తీగ వేసి, కంప్యూటర్లన్నిటినీ దానికే తగిలించేవారు. తీగకు చిల్లు పొడిచి లోపలి రాగిని తాకే కొక్కెం ఒకటి ఉండేది; దాన్ని ముద్దుగా రక్తపిశాచి అని పిలిచేవారు. ఒకరు మాట్లాడితే ఆ తీగమీద ఉన్న వారందరికీ వినపడుతుంది. మరి ఇద్దరు ఒకేసారి మాట్లాడితే?

మెట్‌కాఫ్ నేర్పిన మర్యాద ఇది. మాట్లాడబోయే ముందు విను. ఎవరైనా మాట్లాడుతూంటే ఆగు. తీగ నిశ్శబ్దంగా ఉంటే మొదలుపెట్టు. మాట్లాడుతూ కూడా వింటూనే ఉండు. నీ గొంతుతో మరొక గొంతు కలిసిందా, ఇద్దరూ ఠక్కున ఆగిపోండి. దీన్నే కొలిజన్ అంటారు, ఢీకొట్టుకోవటమన్నమాట. ఆగిన తరవాత ఎంతసేపు ఊరుకోవాలి? ఇద్దరూ సరిగ్గా ఒకే సమయం ఊరుకుంటే మళ్ళీ ఒకేసారి మొదలుపెడతారు. గుమ్మంలో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడి, ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకుంటూ నాలుగుసార్లు అవస్థపడటం మీరు చూసే ఉంటారు. అందుకని ఎవరి మటుకు వారు బొమ్మా బొరుసూ వేసుకోవాలి. మొదటిసారి ఢీకొడితే సున్నా, ఒకటి అనే రెండు అంకెల్లో ఒకటి తీసుకుని అన్ని గడియలు ఆగాలి. రెండోసారీ ఢీ అయితే సున్నా నుంచి మూడు దాకా. మూడోసారి ఏడు దాకా. అలా రెట్టింపు చేసుకుంటూ 1023 దాకా పోవచ్చు. పదహారుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఇక ఈ మాట పంపలేనని చేతులెత్తేయాలి. రద్దీ ఎంత ఎక్కువయితే అంత దూరంగా తొలగి నిలబడటం ఇందులో ఉన్న తెలివి. వరసలో ఎవరు ముందని నిర్ణయించే పెత్తందారు ఎవరూ లేరు చూడండి. నాకు అదే ముచ్చటగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, దయచేసి విసుక్కోకుండా వినండి, మన కథకు ఇదే కీలకం. తీగ పొడుగ్గా ఉంటే ఆ చివర వాడి గొంతు ఈ చివరకు చేరటానికి కొంత సమయం పడుతుంది. నేను రెండు ముక్కలు చెప్పి ముగించేశాననుకోండి, ఢీకొన్న సంగతి నాకు తెలిసేలోపలే నా పని అయిపోతుంది. మాట చేరిందనే భ్రమలో ఉంటాను. అందుచేత ఎంత చిన్న కబురయినా 64 బైట్లకు తక్కువ ఉండరాదని నియమం పెట్టారు. పది ఎంబీపీఎస్ తీగమీద ఆ 64 బైట్లు చెప్పటానికి సెకనులో పది లక్షల వంతుల్లో 51.2 వంతులు పడుతుంది. ఆ లోపల ఢీ ఏదైనా జరిగితే తెలిసిపోవాలి. ఆ గడువు దాటిన తరవాత ఢీ జరగటానికి వీలులేదు. జరిగితే అది 'లేట్ కొలిజన్', ఆలస్యపు ఢీ. అది రద్దీకి గుర్తు కాదు, ఎక్కడో ఏదో తప్పుగా అమరిందనటానికి గుర్తు. పైగా ఆ కబురును ఈథర్నెట్ తనంతట తాను మళ్ళీ పంపదు. అక్కడితో పోయినట్టే.

తరవాత కాలంలో లావుపాటి తీగ పోయింది. 1990లో టెలిఫోను తీగవంటి మెలివేసిన జంట తీగలకు ప్రమాణం ఏర్పరిచారు. మన ఇళ్ళల్లో ఇవాళ ఉన్నవి వాటి సంతతే. ఒక జంట పంపటానికి, మరొక జంట వినటానికి. ఇదివరకటి ఒక్క దారికి బదులు వెళ్ళటానికొకటి, రావటానికొకటి ఏర్పడ్డాయన్నమాట. అయినా మొదట్లో లాభం లేకపోయింది. ఎందుకంటే తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, హబ్బు అనేది, ఒకరు చెప్పినది మిగతా అందరికీ వినిపించే దండోరావాడు. ఇద్దరు మాట్లాడితే అక్కడే గందరగోళం. అంచేత పాత మర్యాదే కొనసాగింది. ఒకరు చెపుతూంటే ఒకరు వినటం. దీని పేరు హాఫ్ డూప్లెక్స్.

ఆ 1990లోనే అమెరికాలో ఒక చిన్న కంపెనీ ఏడు ద్వారాల పెట్టె ఒకటి అమ్మకానికి పెట్టింది. అది దండోరా వేయదు. ఏ ద్వారం దగ్గర ఎవరున్నారో గుర్తుపెట్టుకుని, ఎవరి ఉత్తరం వారికే ఇస్తుంది, మన పోస్టుమాన్ మాదిరిగా. దాన్ని స్విచ్చి అన్నారు. గోడమీద ఉండే స్విచ్చికీ దీనికీ సంబంధం లేదు. ఆ కంపెనీ స్థాపించినవారిలో ఒకరు భారతీయుడు, వినోద్ భరద్వాజ్. కంపెనీకి భార్య పేరే పెట్టుకున్నారు: కల్పన. కంప్యూటరు ప్రపంచంలో ఇంత అందమైన పేరున్న కంపెనీ మరొకటి నాకు తెలియదు. 1994లో దాన్ని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. పేరు మాయమయింది గాని ఆవిడ పేరిట పుట్టిన వస్తువు ఇవాళ మీ యింటి వైఫై పెట్టెలో కూడా ఉంది. పెట్టె వెనకవైపు నాలుగు చతురస్రపు రంధ్రాలున్నాయే, వాటి లోపల ఉన్నది స్విచ్చే.

స్విచ్చి వచ్చిన తరవాత ఒక్కొక్క తీగకు ఇద్దరే మిగిలారు. ఈ చివర కంప్యూటరు, ఆ చివర పెట్టె. ఇద్దరి మధ్యా వెళ్ళే దారి వేరు, వచ్చే దారి వేరు. ఇక ఢీకొట్టుకునేది ఎవరు? కాబట్టి వినటం, ఆగటం, బొమ్మా బొరుసూ అన్నీ మానేసి ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు, ఒకేసారి వినవచ్చు. దీన్ని ఫుల్ డూప్లెక్స్ అంటారు. 1997లో దీనికి ప్రమాణం వచ్చింది.

మా రాజమండ్రివారికి చెప్పాలంటే చాలా సులువు. గోదావరి మీద 1900లో రైళ్ళు నడవటం మొదలుపెట్టిన హావ్‌లాక్ వంతెన ఉంది గదా, 1997లో దాన్ని విరమించారు. దాని మీద ఒకే లైను. ఈ గట్టునుంచి బండి కదలాలంటే ఆ గట్టునుంచి బండి రావటం లేదని రూఢి చేసుకోవాలి. అది హాఫ్ డూప్లెక్స్. రెండు లైన్లుంటే ఎవరి బండి వారిది, ఎవరినీ అడగనక్కర్లేదు. అది ఫుల్ డూప్లెక్స్. రెండూ మంచివే, దేని క్రమం దానికున్నది. కాని ఈ గట్టున ఉన్న స్టేషను మాస్టరు రెండు లైన్లున్నాయనుకుని, ఆ గట్టు మాస్టరు ఒకే లైను ఉందనుకుంటే ఏమవుతుందో ఊహించండి.

సరిగ్గా అదే మా యింట్లో జరిగింది.

ఎవరు ఎలా మాట్లాడాలన్నది కంప్యూటరూ పెట్టే తీగ తగిలించిన క్షణంలో తమలో తాము మాట్లాడుకుని నిర్ణయించుకుంటాయి. "నాకు వెయ్యి వచ్చు, వంద వచ్చు, పది వచ్చు, రెండువైపులా ఒకేసారి మాట్లాడగలను. నీ సంగతేమిటి?" అని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చెప్పుకుని, ఇద్దరికీ వచ్చినవాటిలో మేలైనది ఎంచుకుంటాయి. దీనికి ఆటో నెగోషియేషన్ అని పేరు. 1995లో వంద ఎంబీపీఎస్ ప్రమాణంతో పాటు వచ్చింది. తొలిరోజుల్లో వేరువేరు కంపెనీల సామాన్లు ఈ సంప్రదింపుల్లో తరుచు పేచీ పెట్టేవి. అందుచేత, "దాన్ని నమ్మకండి, మీరే వంద అనీ ఫుల్ డూప్లెక్స్ అనీ ఖాయం చేసేయండి, వేగంగా ఉంటుంది" అనే సలహా ఒకటి బయలుదేరింది. వైద్యంలో పాత చిట్కాలవలె అది ఇప్పటికీ చావలేదు.

ఫైబరు రాకముందు మా పాత పెట్టె మాటిమాటికీ తెగిపోతూండేది. ఒక పండగకు వచ్చిన మా మేనల్లుడు, "మావయ్యా, ఇలా చేస్తే నిలుస్తుంది" అని, నా చేత కంప్యూటరులోనూ పెట్టె లోపలి పేజీలోనూ రెండుచోట్లా వంద, ఫుల్ డూప్లెక్స్ అని ఖాయం చేయించాడు. నిలిచింది. రెండువైపులా ఒకే మాట ఉన్నది గనక నిలిచింది. నేను గొప్పగా నలుగురికీ చెప్పుకున్నాను కూడా. తరవాత మరిచిపోయాను.

ఫైబరువాళ్ళు పాత పెట్టె పట్టుకుపోయారు. దానితోపాటు సగం ఒప్పందం పోయింది. కంప్యూటరులో నేను ఖాయం చేసిన సగం అలాగే ఉండిపోయింది. కొత్త పెట్టె సంప్రదింపులకు పిలిచింది. ఖాయం చేసిన కంప్యూటరు సంప్రదింపులకు నోరు విప్పదు. పెట్టె పాపం తీగమీద వచ్చే ధ్వనినిబట్టి వేగం వంద అని గ్రహించుకోగలిగింది. కాని రెండు లైన్లా, ఒక లైనా అన్నది ధ్వనినిబట్టి తెలియదు. తెలియనప్పుడు ఒకే లైను అనుకోవాలని నియమం. అందుకని అది హాఫ్ డూప్లెక్స్‌లోకి వెళ్ళి కూర్చుంది. దీపం వెలిగింది. తెరమీద 'కనెక్టెడ్, వంద ఎంబీపీఎస్' అని వచ్చింది. అంతా బాగున్నట్టే.

ఇప్పుడు కోడలు పుస్తకం పంపుతున్నది. కంప్యూటరు పేజీ తరవాత పేజీ తోస్తూ ఉంటుంది. అందాయి, అందాయి అని అటునుంచి చిన్న చిన్న రసీదులు వస్తూండాలి. పెట్టె ఒక రసీదు పంపటం మొదలెడుతుంది. అది పూర్తికాకుండానే కంప్యూటరు, తనకు అడ్డేమీ లేదు గనక, తరవాతి పేజీ తోసేస్తుంది. పెట్టె ఉలిక్కిపడుతుంది. 'అయ్యో, నేను మాట్లాడుతూంటే మరొకరు మాట్లాడారు, ఢీ!' అని తన రసీదు మధ్యలో తుంచేస్తుంది. వస్తున్న పేజీని కూడా చెడిపోయిందని పారేస్తుంది. నిజానికి ఆ పేజీకి ఏ దెబ్బా తగలలేదు. అది వేరే జంట తీగమీద క్షేమంగా వచ్చింది. ఢీ అన్నది తీగలో జరగలేదు, పెట్టె మనసులో జరిగింది. కంప్యూటరుకేమో సగం తెగిన రసీదు చేరుతుంది. చివర ఉండవలసిన సరిచూపు అంకె సరిపోదు గనక అది దాన్ని చిత్తుబుట్టలో పడేస్తుంది. పెట్టె పంపేది పెద్ద కబురయితే 64 బైట్ల గడువు దాటిన తరవాత ఢీ అనుకునే అవకాశం ఎక్కువ. నేను చెప్పిన ఆలస్యపు ఢీ అదే. దాన్ని మళ్ళీ పంపదు.

ఇలా పేజీలు పోయేసరికి పంపే కంప్యూటరు ఏమనుకుంటుందంటే, దారిలో ఎక్కడో రద్దీగా ఉన్నట్టున్నది, నెమ్మదిగా పంపుదాం అనుకుంటుంది. వేగం తగ్గిస్తుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ పుంజుకుంటుంది, మళ్ళీ దెబ్బ తింటుంది. వంద పోవలసిన తీగమీద అర ఎంబీపీఎస్ పోతూ ఉంటుంది.

ఈ రోగం ఎందుకు దొరకదో చూడండి. కంపెనీ కుర్రవాడు వచ్చి పరీక్షకు పింగు అనే చిన్న పలకరింపు పంపుతాడు. అది వెళ్ళి, బదులు వచ్చి, ఆ తరవాతగాని రెండోది వెళ్ళదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడే సందర్భమే లేదు. నూటికి నూరూ చేరుతాయి. ఒకటి రెండు ఉత్తరాలు చదివి చూస్తాడు, వస్తాయి. నిజమైన బరువు మోసేటప్పుడే కాలు మడత పడుతుంది. బరువు మోసేది ఇంట్లో ఎవరు? కోడలు. కాబట్టి తప్పు కోడలిదిగా కనపడుతుంది.

దీన్ని పట్టుకున్నది నేను కాదు, మా ఆవిడ. ఒకనాటి రాత్రి, "ఏమండీ, అదే పెట్టె గదా. ఫోనుకి గాలిలో బాగా వచ్చేది తీగలో ఎందుకు రాదు? తీగలో ఇంకా బాగా రావాలి గదా" అన్నది. నేను సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. ఫోనులో కొలిస్తే 88. కంప్యూటరులో కొలిస్తే రావటం 4, పోవటం అర. సీరియలు కట్టేసి ఉంది. పిల్లవాడు నిద్రపోతున్నాడు. అప్పుడు పండగా, మేనల్లుడూ జ్ఞాపకం వచ్చారు.

అమ్మా, మీరు చేయవలసింది ఇది. విండోస్ కంప్యూటరయితే 'డివైస్ మేనేజర్' తెరిచి, 'నెట్‌వర్క్ అడాప్టర్స్' క్రింద ఈథర్నెట్ పేరున్న దాని 'ప్రాపర్టీస్' చూడండి. అందులో 'అడ్వాన్స్‌డ్' అనే పేజీలో 'స్పీడ్ అండ్ డూప్లెక్స్' అని ఒక వరస ఉంటుంది. దానికెదురుగా ఏమున్నదో ముందు ఒక కాగితం మీద వ్రాసుకోండి. 'ఆటో నెగోషియేషన్' కాక మరేదైనా ఉంటే, దాన్ని ఆటోకి మార్చండి. ఆ ఒక్కటే మార్చి, తీగ ఒకసారి తీసి పెట్టి, వేగం కొలవండి. ఒకేసారి నాలుగు మార్చారా, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. రెండువైపులా ఆటో ఉండాలి, లేదా రెండువైపులా ఒకే మాట ఖాయం చేసి ఉండాలి. ఇంటికి మాత్రం ఆటోయే మేలు. వెయ్యి ఎంబీపీఎస్ తీగకయితే ఆటో తప్పనిసరి. 1999లో వచ్చిన ఆ పద్ధతిలో నాలుగు జంటల మీదా ఇరువైపుల మాటలూ ఒకేసారి నడుస్తాయి. తన గొంతు తనకు తెలుసు గనక, వినపడిన దానిలోంచి దాన్ని తీసివేసి మిగిలినది ఎదుటివారిదని గ్రహిస్తుంది. ఎవరి గడియారం ప్రకారం నడవాలో కూడా ముందే సంప్రదించుకోవాలి.

ఆటో ఉండి కూడా వెయ్యి రావలసినచోట వంద వస్తూంటే తీగను అనుమానించండి. వందకు రెండు జంటలు చాలు, వెయ్యికి నాలుగూ కావాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు ఒకే తీగను చీల్చి, రెండు జంటలు ఈ గదికి, రెండు జంటలు ఆ గదికి ఇచ్చి రెండు తీగల ఖర్చు వ్రాస్తారు. మా పక్కింటి మేడమీద అలాగే బయటపడింది. తెగినచోట తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టినా అంతే సంగతులు.

వైఫై సంగతి అడిగారు గనక ఒక మాట. గాలిలో ఇప్పటికీ పాత హవాయి ధర్మమే. ఒక చానెలు మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. తాను మాట్లాడేటప్పుడు తన గొంతే హోరెత్తిపోతుంది గనక ఇతరుల మాట వినలేదు, ఢీని పట్టుకోలేదు. అందుచేత ముందుగానే కొంచెం ఆగి, జాగ్రత్తగా మొదలెట్టి, అందిందని రసీదు వచ్చే దాకా కనిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి టీవీ, ఫోనులు గాలిలో ఒకరి వంతు ఒకరు పంచుకోవటం నిజమే. సీరియలు గురించి నేను అన్నది సిద్ధాంతరీత్యా పూర్తిగా అబద్ధం కాదు. ఆ మాట మా ఆవిడతో అంటే, "సిద్ధాంతం మీరే ఉంచుకోండి" అన్నది.

ఆ రాత్రి ఆటోకి మార్చి మళ్ళీ కొలిచాను. రావటం 94, పోవటం 47. కోడల్ని పిలిచి ఆగిపోయిన పుస్తకం పంపమన్నాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె తెరవైపు చూస్తూ, "ఏం చేశారు మామయ్యగారూ?" అంది. చెప్పాను. పండగనాడు చేసినదీ చెప్పాను, ఇప్పుడు చేసినదీ చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ముద్రణాలయం వాళ్ళకు మీరే ఒక ఉత్తరం వ్రాయండి" అంది.

వ్రాశాను. ఏడు వారాల ఆలస్యంలో ఆమె తప్పు లేదనీ, తప్పు ఫలానా అమరికదనీ, అది చేసినవాణ్ణి నేనేననీ వ్రాశాను. ఆ ముద్రణాలయం పెద్దాయన కూడా కంప్యూటర్లతో వేగినవారే కాబోలు, మూడోనాడే ఎనిమిదో తరగతి గణితం పంపించారు. మా అబ్బాయి హైదరాబాదు ఇంటి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

తెనాలి సోదరీ, ఆ వరసలో ఏమున్నదో చూసి నాకు వ్రాయండి. అక్కడ ఆటోయే ఉంటే, తీగ మార్చి చూసి అప్పుడు వ్రాయండి. మావారు ఏమన్నారో కూడా వ్రాయండి.